కాళ్లు చూడమన్న మేనేజర్ సాబ్

పోయిన నెల తిరుపతిలో మా పిన్ని కూతుళ్లను వెంటబెట్టుకుని సినిమాకు వెళ్లాను. దీపాలు ఆరిపోయి, పేర్లు పడడం మొదలయ్యాక ఎవరో ఆలస్యంగా వచ్చారు. సీట్లు చూపించే ఆయన టార్చి వేశాడు. ఆ వెలుతురు గుండ్రంగా నేలమీద జారుకుంటూ మా ముందు వరసలో కూర్చున్నవాళ్ల కాళ్ల మీదుగా పోయింది. మెట్టెలు పెట్టుకున్న వేళ్లు, పగిలిన మడమలు, కొత్త నెయిల్ పాలిష్, సగం విడిచిన బూటు. అంతే, నాకు సినిమా మీద ధ్యాస పోయింది. సీట్లో వెనక్కి తిరిగి, వెనక వరసలవాళ్లను చూస్తూ కూర్చున్నాను. ఎవరు సర్దుకుంటున్నారు, ఎవరు ఫోను తీస్తున్నారు, ఏ మాటకు ఎవరి కాలు ఊగడం ఆగింది... ఇదే నా సినిమా అయిపోయింది. పిన్ని చిన్న కూతురు నా చెయ్యి గిల్లి, "అక్కా, సినిమా అటు కాదు, ఇటు" అంది. నా వెనక కూర్చున్న పెద్దావిడ అప్పటికే నన్ను అనుమానంగా చూస్తూ హ్యాండ్‌బ్యాగు ఒళ్లోకి లాక్కుంది.

నాకు ఈ జబ్బు అంటించిన మనిషి జిలానీ సాబ్. చిత్తూరులో మా వీధి చివర ఒక సినిమా హాలు ఉండేది. ఇప్పుడది కల్యాణ మండపం. హాలు నడిచినంత కాలం దానికి ఆయనే మేనేజరు. హాలు మూతపడినా ఆ పదవి మాత్రం ఆయన్ని వదల్లేదు. కూరగాయల బండి ఆయన కూడా "మేనేజర్ సాబ్, వంకాయలు" అనే కేకేసేవాడు. మా ఇంటికి ఎదురిల్లు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, కింద గళ్ల లుంగీ, కళ్లకు సుర్మా, దగ్గరకు వెళితే సన్నగా అత్తరు వాసన. సాయంత్రం నీడ పడగానే వరండాలో మడతకుర్చీ వేసుకుని కూర్చుని, వీధిలో పోయేవాళ్లను టికెట్టు చించి లోపలికి పంపుతున్నట్టు చూసేవారు. ఆయన నవ్వగా చూసినవాళ్లు మా వీధిలో తక్కువ. కోపిష్టి కాదు, ఎదుటివాళ్లు ఎక్కడ నవ్వుతారో చూసే పనిలో పడి తన నవ్వు సంగతి మరిచిపోయినట్టు ఉండేవారు.

నా సంగతి కూడా చెప్పాలి కదా. డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉన్నాను. ఉన్నాను అనడం మర్యాద. అమ్మ భాషలో "పడుండాను". పడి ఉండి నేను చేస్తున్నది ఒక యానిమేషన్ సిరీస్. పాత లాప్‌టాపు మీద, అది మొరాయిస్తే ఫోను మీద వేలితో బొమ్మలు గీసి, వాటిని కదిలించి, గొంతులు పెట్టి ఒక కథ అల్లుతున్నాను. దాని పేరు 'ఘటోదరానికి అద్దె ఇల్లు'. ఘటోదరం ఒక రాక్షసుడు. శేషాచలం కొండల్లో యుగాల తరబడి నిద్రపోయి లేచి చూసేసరికి వాడి గుహ ఉండదు. తిరుపతికి దిగి గది అద్దెకు వెతుక్కుంటాడు. వెళ్లిన ప్రతి ఇంట్లోనూ అవే ప్రశ్నలు: ఫ్యామిలీనా, బ్యాచిలరా? నాన్‌వెజ్ తింటావా? "మనుషుల్ని మానేసి చాలా కాలమైందండీ" అంటాడు పాపం వినయంగా. వాడి భుజం మీద పలుకులమ్మ అనే బల్లి ఉంటుంది. ఏం జరగబోతుందో అది జోస్యం చెబుతుంది, కాకపోతే అంతా జరిగిపోయాక చెబుతుంది. పలుకులమ్మ గొంతు మా అమ్మది. ఎండాకాలంలో, ఫ్యాను ఆపేసి, ఇద్దరం బొంత కప్పుకుని లోపల ఫోను పెట్టుకుని రికార్డు చేసేవాళ్లం. బయటికి వచ్చేసరికి ఇద్దరం ఇడ్లీ పాత్రలోంచి తీసినట్టు ఉండేవాళ్లం.

మా నాయన బంగారుపాళ్యం దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సూపర్వైజరు. ఆయనకు బొమ్మలంటే కోపం లేదు, నమ్మకం లేదు, అంతే. ఒకరోజు అన్నం తింటూ, "సరే అమ్మణ్ణీ, నీ బొమ్మలు నువ్వు ఆడించుకో. సీజను మొదలయ్యేదాకా నేనేమీ అడగను. సీజనుకు ఆఫీసులో కంప్యూటరు కాడ మనిషి కావాల్నంట. నీ పేరు చెప్పినాను" అన్నాడు. ఆ మాటలో ఏ బెదిరింపూ లేదు, అందుకే ఎక్కువ భయమేసింది. తోతాపురి మామిడికాయల లారీలు ఫ్యాక్టరీ ముందు బారులు తీరే లోపల నా సిరీసుకు ఏదో ఒక విలువ ఉందని తేలాలి. తేలకపోతే ఘటోదరం మళ్లీ గుహలోకి, నేను ఆఫీసులోకి.

విలువ ఉందని ఎవరు చెప్పాలి? మొదటి ఎపిసోడ్ ఇంటర్నెట్‌లో పెట్టాను. 'సూపర్', 'వేరే లెవెల్', చప్పట్లు కొట్టే చేతులు, ఎర్ర గుండెలు. రెండు రోజులు గాల్లో తేలాను. తర్వాత గమనించాను: ఎపిసోడ్ ఎనిమిది నిమిషాలు; మా మేనమామ 'అద్భుతం తల్లీ' అన్నది నేను పంపిన నిమిషంలో. స్నేహితురాళ్లను పట్టుకుని నిజం చెప్పమంటే, "నిజంగానే బాగుందే" అంటారు. ఏది బాగుంది అంటే, "అంతా". అంతా బాగుండడం కంటే భయంకరమైన సమాధానం నేను వినలేదు. అప్పుడు తట్టింది, ఎదురింట్లో కొన్ని వేల సినిమాలు ఆడించిన మనిషి ఖాళీగా కూర్చుని ఉన్నారని. ఫోను పట్టుకుని వీధి దాటాను.

"సాబ్, ఒకసారి సూసి ఎట్టుండాదో చెప్పండి" అన్నాను. ఆయన ఫోను వైపు కూడా చూడలేదు. "నేను సూసి ఏం చేసేది? నేనెప్పుడన్నా టికెట్టు కొనుక్కోని సినిమా సూసినానా? సూసేవాళ్లను పిలుస్తా ఉండు" అని లోపలికి తిరిగి భార్యను కేకేశారు. ఆమెను వీధంతా బీబమ్మ అనే పిలిచేది. పిండి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, కుర్చీలో కూర్చుని, చెప్పులు విడిచి, కాళ్లు రెండూ కుర్చీలోకి ముడుచుకుంది. నేను ఆమె పక్కన కూర్చోబోతుంటే జిలానీ సాబ్ వద్దన్నారు. "నువ్వు ఈడ, నేలమింద కూసో. ఫోన్లోకి సూడొద్దు. ఆమె కాళ్లు సూడు."

నాకు నవ్వొచ్చింది. "మొగం కదా సాబ్ సూడాల్సింది?"

"మొగం మర్యాద చేస్తాది బేటీ. ఇంటికొచ్చినోళ్లకు టీ ఇచ్చినట్టు నవ్వు ఇస్తాది. కాళ్లకు మర్యాద తెల్దు" అన్నారు.

సరే చూద్దాం, పోయేదేముంది అనుకున్నాను. ఎపిసోడ్ మొదలైంది. నేను నెల రోజులు చెమటోడ్చి గీసిన మొదటి భాగం అది: ఘటోదరం వంశం, వాళ్ల తాతకు ఒక ముని ఇచ్చిన శాపం, ఆ శాపానికి విరుగుడు, ఆ విరుగుడుకు మినహాయింపు. వెనక గంభీరమైన సంగీతం. బీబమ్మ ముఖం వికసించి ఉంది, తల ఊపుతోంది. కానీ ఆమె కుడికాలు మెల్లగా కిందికి దిగింది. బొటనవేలు నేలమీద అటూ ఇటూ తడుముతోంది. చెప్పు కోసం వెతుకుతోంది! నా గుండె ఆ చెప్పులో పడ్డట్టయింది. కాలు చెప్పులోకి సగం దూరింది. సరిగ్గా అప్పుడు పలుకులమ్మ జోస్యం చెప్పబోతూ, ఉన్నట్టుండి, "అయ్యయ్యో, పాలు!" అని అరిచి పరిగెత్తింది. అది నేను రాసిన మాట కాదు. రికార్డింగు మధ్యలో నిజంగానే పొయ్యి మీద పాలు పొంగితే అమ్మ బొంతలోంచి అరుస్తూ పరిగెత్తింది. తీసెయ్యడానికి బద్ధకించి ఉంచేశాను. బీబమ్మ కాలు ఆగింది. చెప్పు వదిలేసింది. మళ్లీ పైకి వెళ్లి రెండో కాలి పక్కన ముడుచుకుంది. ఆ తర్వాత చివరిదాకా దిగలేదు.

"శానా బాగుండాది తల్లీ" అని నా బుగ్గ నిమిరి ఆమె లోపలికి వెళ్లిపోయింది. జిలానీ సాబ్ నా వైపు చూసి, "కాళ్లేం చెప్పినాయి?" అన్నారు. చెప్పాను. చెబుతూనే వాదించాను. వంశం గురించి చెప్పకపోతే వాడు ఎవరో ఎట్లా తెలుస్తుంది, శాపం లేకపోతే కథకు పునాది ఏది, నేను ఎంత చదివి రాశానో తెలుసా అని. ఆయన అంతా విని, "వాడు ఇల్లు అడగను వచ్చినాడు. వాడికి ఇల్లు కావాల. నాకు ఆ ముక్క తెలిస్తే సాలు. వాళ్ల తాతకు ముని శాపమిస్తే ఓనరుకేంటికి?" అన్నారు. నేను విసురుగా లేచి ఇంటికి వచ్చేశాను. ఆ సాయంత్రమంతా ఉడికిపోయాను. ఆయన తప్పు చెప్పి ఉంటే అంత ఉడుకు ఉండేది కాదు.

ఆయన హాల్లో ఇదే పని చేసేవారట, తర్వాత తర్వాత చెప్పారు. ఆట మొదలయ్యాక పక్క తలుపు గుండా వచ్చి, తెర కింద, తెరకు వీపు పెట్టి నిలబడేవారు. తెర మీద వెలుతురే ముందు వరసల ముఖాల మీద పడేది. వెనకవాళ్ల కోసం చేతిలో టార్చి. ఏ సన్నివేశంలో కాళ్లు చెప్పుల కోసం కదులుతాయో, ఏ పాటకు మగవాళ్లు బీడీలకు బయటికి పోతారో, ఏ మాటకు సోడాబుడ్డి నోటి దాకా వెళ్లి ఆగిపోతుందో చూసి, ఆ సినిమా ఎన్ని వారాలు ఆడుతుందో మొదటి రోజు మధ్యాహ్నమే చెప్పేసేవారట. అన్ని సినిమాలు ఆడించి ఒక్కటి కూడా ముందు వైపు నుంచి పూర్తిగా చూడలేదంటే నేను నమ్మలేదు. "సూస్తే ఎట్ట? నా పని జనం కదా" అన్నారు, అదేదో మామూలు సంగతైనట్టు.

శాపం, విరుగుడు, మినహాయింపు మూడూ తీసేశాను. తీసేశాక నాకు పూనకం వచ్చింది. కనిపించినవాళ్లందరికీ చూపించడం, వాళ్ల కాళ్లు చూడడం. జాకెట్లు కుట్టే అక్క దగ్గర చూపించాను. ఆమె కాళ్లు మిషను తొక్కుతూనే ఉంటాయి కాబట్టి తొక్కడం ఎక్కడ ఆగిందో చూశాను. నాయనకు క్యారియరు ఇచ్చే నెపంతో బంగారుపాళ్యం బస్సెక్కి పక్క సీటు ఆడవాళ్లకు చూపించాను. ఒక స్నేహితురాలితో తిరుమల వెళ్లి, కొండ దిగే బస్సులో ఒక కుటుంబానికి చూపించాను. వాళ్లంతా అప్పుడే గుండ్లు చేయించుకుని, గంధం పూసుకుని, మొక్కు ప్రకారం చెప్పులు లేకుండా వచ్చినవాళ్లు. చెప్పు లేని కాలు దేనికోసం వెతుక్కుంటున్నదో కనిపెట్టడం ఎంత కష్టమో నాకు ఆ రోజు అర్థమైంది. పైగా ఘాట్ రోడ్డు మలుపులకు అందరి కాళ్లూ కదులుతున్నాయి. అది నా కథకా, మలుపుకా? స్నేహితురాలు నా వరస చూసి, "నువ్వు దేవుడి దర్శనానికి వచ్చినావా, పాదాల దర్శనానికా?" అని ఎగతాళి చేసింది. నాకు మాత్రం పట్టరాని ఉత్సాహం. ఇంతకుముందు నా సిరీసు గురించి నాకు తెలిసింది ఒక్కటే, అది నాకు ఇష్టమని. ఇప్పుడు అది ఎక్కడ బతుకుతోందో, ఎక్కడ చస్తోందో సెకన్లతో సహా కనిపిస్తోంది.

ఇక్కడే బోల్తాపడ్డాను. కాలు కదిలిన ప్రతి చోటా కత్తిరించుకుంటూ పోయాను. మిగిలిందంతా జోకుల మీద జోకులు. ఊపిరి పీల్చే సందు లేదు. గొప్పగా తీసుకెళ్లి బీబమ్మ చేతిలో పెట్టాను. ఈసారి ఆమె కాళ్లు ఒక్కసారి కూడా కదల్లేదు. నేను విజయగర్వంతో జిలానీ సాబ్ వైపు చూశాను. బొమ్మ అయిపోగానే బీబమ్మ, "అయిపోయిందా?" అని ఫోను నాకిచ్చి, "ఆ మెట్ల కాడ కూసునేది యాడ పోయింది?" అంది.

మెట్ల కాడ కూర్చునేది అంటే, ఇళ్లన్నీ తిరిగి తిరిగి ఘటోదరం చంద్రగిరి కోట మెట్ల మీద ఒక్కడే కూర్చునే దృశ్యం. మాటలు లేవు. ఎదురుగా ఒక చిన్న గది గోడ మీద గీసుకుని, అందులో పట్టేలా తనని తాను మడుచుకోవడానికి ప్రయత్నిస్తాడు. ముందు చేతులు మడుస్తాడు, తర్వాత కాళ్లు, తర్వాత కొమ్ములు. కొమ్ములు లోపలికి పోతే బొజ్జ బయటికి వస్తుంది. దాన్ని మొదటిసారి చూసినప్పుడు చాలామంది కాళ్లు కదిలాయి, కిందికి దిగకపోయినా బీబమ్మవి కూడా. అందుకే తీసేశాను.

జిలానీ సాబ్ కుర్చీ నా వైపు జరుపుకున్నారు. "నేనూ ఒకసారి ఇట్ట చేసినా" అన్నారు. ఒక సినిమాలో తల్లి చాలాసేపు ఏడ్చే సీను ఉండేదట. అక్కడ హాలంతా కాళ్లు కదలడం చూసి, రెండో రోజు ఆపరేటరు చేత రీలు కత్తిరించి ఆ సీను లేపేయించారు. అప్పట్లో ఊళ్లలో హాళ్లవాళ్లు పాటో సీనో అలా లేపెయ్యడం మామూలే. మూడో రోజు మ్యాట్నీకి ఆడవాళ్ల గుంపొకటి ఆఫీసు రూము ముందు చేరింది. మొదటి రోజు చూసిన కోడళ్లు అత్తల్ని, అమ్మల్ని వెంటబెట్టుకుని వచ్చారు. "మేము ఏడ్సను వచ్చినాము. ఏడుపు యాడ పెట్టినావు సామీ?" అని నిలదీశారట. ఆ కాళ్లు కదిలింది విసుగుతో కాదు. కొంగు తీసుకుని కళ్లు తుడుచుకోవడానికి సర్దుకున్నారు. "సాయంత్రానికి మళ్లా అతికించినాము. అతుకు కాడ తెర మింద ఒక గీత పడేది. అది ఆడినన్నాళ్లూ ఆ గీత నన్ను సూసి నవ్వేది" అన్నారు.

"మరి కాళ్లు సూడమని మీరే కదా చెప్పినారు?" అన్నాను ఏడుపుగొంతుతో.

"సూడు. యాడ కదిలినాయో అవి చెప్తాయి. ఏంటికి కదిలినాయో చెప్పవు. దానికి నోరు తెరిసి అడగాల. బాగుండాదా అని అడగొద్దు, ఆ మాటకు అందరూ బాగుండాదనే అంటారు. కథ చెప్పమను."

అప్పటికప్పుడు బీబమ్మను కథ చెప్పమన్నాను. ఆమె సిగ్గుపడి, తర్వాత మొదలుపెట్టి, ఇల్లు ఇల్లూ వరసగా చెప్పుకొచ్చింది. నా జోకుల్లో సగం ఆమె చెప్పనే లేదు. కోట మెట్ల దగ్గరకు వచ్చేసరికి గొంతు తగ్గింది. "మా పెద్దోడికి తిరుపతిలో ఉద్యోగం వచ్చినప్పుడు మేమూ ఇట్టనే తిరిగినాము తల్లీ. ఫ్యామిలీనా అంటే ఫ్యామిలీనే అన్నాము. పేరు అడిగినాక, ఇల్లు మా సుట్టాలకు ఇచ్చేసినామనేవాళ్లు. మీ వోడు మడుసుకుంటా ఉంటే నాకు అది గుర్తుకొచ్చింది, అంతే" అంది. జిలానీ సాబ్ వీధి వైపు చూస్తున్నారు. నేను నవ్వించడానికి గీసిన రాక్షసుడు ఆ ఇంట్లో ఎంత లోపలికి వచ్చాడో అప్పటిదాకా నాకు తెలియదు. ఆ రోజే ఆ దృశ్యాన్ని మళ్లీ పెట్టాను. ఈసారి ఇంకాస్త నిదానంగా, బొజ్జ ఇంకాస్త మొండిగా ఉండేలా గీశాను.

అప్పటికి ఎండలు ముదిరాయి. ఫ్యాక్టరీలో మిషన్లు కడిగి సిద్ధం చేస్తున్నారని నాయన రోజూ చెబుతున్నాడు. ఎక్కడో ఒక చోట, నన్ను ఎరగని జనం ముందు బొమ్మ వేసి చూడాలి, అదీ నాయన కళ్ల ముందు. ఎక్కడని జిలానీ సాబ్‌ను అడిగితే, "మా మనవడి వలీమా ఉండాది కదా, పెళ్లి విందు. మన హాల్లోనే" అన్నారు. కల్యాణ మండపం అయినా ఆయనకు అది హాలే. పెళ్లికొడుకు, పెళ్లికూతురు ఫొటోలు వెయ్యడానికి పెద్ద స్క్రీను పెడుతున్నారట. "మొదటి బంతి తింటా ఉంటే రెండో బంతి వాళ్లు కుర్చీల్లో కూసోని ఉంటారు. అప్పుడు వేద్దాం. ఆకలిమింద ఉండే మనిషిని కూసోబెట్టినావంటే ఇంగ నీకు తిరుగులేదు" అన్నారు. నేను వద్దని ఉంటే బాగుండేదేమో కానీ, నాకు ఎగిరి గంతేయాలనిపించింది.

ఆ మధ్యాహ్నం నేను తెర కింద, తెరకు వీపు పెట్టి నిలబడ్డాను. ఎదురుగా గుడ్డ తొడిగిన కుర్చీల నిండా మనుషులు. పక్క తలుపులోంచి బిరియానీ, దాల్చా వాసన. అందరికంటే భోజనాల తలుపుకు దగ్గరగా మా నాయన కూర్చున్నాడు. షుగరు మనిషి, ఆకలికి ఆగలేడు. బొమ్మ మొదలుకాగానే అలవాటుగా కిందికి చూశాను, ప్రాణం పోయింది. పెళ్లి కదా, అందరూ పట్టీలు బిగించిన సాండల్సు, లేసులు కట్టిన బూట్లు వేసుకొచ్చారు! విడిచిన చెప్పు ఒక్కటి లేదు. నేను నేర్చుకున్న చదువంతా ఆ బకిల్సు దగ్గర ఆగిపోయింది. దిక్కుతోచక ముఖాలే చూస్తున్నాను. "మనుషుల్ని మానేసి చాలా కాలమైందండీ" దగ్గర నవ్వు పుట్టింది. ముందు ఆడవాళ్ల వైపు, తర్వాత హాలంతా. "అయ్యయ్యో, పాలు!" అనగానే ఎవరో ఈల వేశారు. ఘటోదరం కోట మెట్ల మీద కూర్చున్నాడు. హాలు సద్దుమణిగింది. వాడు చేతులు మడుస్తున్నాడు...

"రెండో బంతి! రండి, రండి! వేడివేడిగా ఉండాది, రండి!"

భోజనాల తలుపు దగ్గర నిలబడి అరుస్తున్నది ఎవరో కాదు, జిలానీ సాబ్. ఆయన్ని అక్కడికక్కడ నా రాక్షసుడికి అప్పజెప్పి, మానేసిన అలవాటు మళ్లీ మొదలుపెట్టమనాలనిపించింది. కుర్చీలు బరబరా జరిగాయి. జనం లేచారు. అయిపోయింది, ఫ్యాక్టరీ ఆఫీసే నా గతి అనుకున్నాను. కొందరు నిజంగానే వెళ్లిపోయారు. మిగతావాళ్లు లేచారు కానీ కదల్లేదు. కుర్చీ వీపులు పట్టుకుని నిలబడి చూస్తున్నారు. ఒకాయన పాపను భుజాన వేసుకుని తలుపు వైపు వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు, కళ్లు మాత్రం తెర మీదే. భోజనాల తలుపు దగ్గర తొక్కిడి మొదలైంది. లోపలినుంచి వడ్డించేవాళ్లు "సల్లారిపోతాంది, రండయ్యా" అని అరుస్తున్నారు. ఎవరూ లోపలికి పోలేకపోతున్నారు, ఎందుకంటే గుమ్మానికి అడ్డంగా ఒక మనిషి వెనక్కి తిరిగి నిలబడి ఉన్నాడు. వెనకనుంచి ఎవరో, "కొంచెం జరగప్పా" అన్నారు.

"ఉండప్పా, వాడు ఇంగా లోపలికి దూరలా" అన్నాడు మా నాయన.

ఆ మాట నాకు అంత గోలలోనూ వినబడింది. ఘటోదరం బొజ్జ చివరికి గదిలో పట్టింది, తల బయట మిగిలిపోయింది, దాని మీద పలుకులమ్మ కూర్చుని "నువ్వు పట్టవని నేను ముందే చెప్పలేదూ?" అంది. హాలు గొల్లుమంది. అప్పుడు జరిగాడు మా నాయన గుమ్మంలోంచి.

తర్వాత జిలానీ సాబ్‌ను ఒక మూలకు లాగి, "ఏంటికి పిలిచినారు మధ్యలో?" అని పోట్లాటకు దిగాను. ఆయన నా చేతిలో బిరియానీ ప్లేటు పెట్టి, "పిల్సకపోతే నీకు ఎట్ట తెలిసేది?" అన్నారు. ముక్కలు ఏరి మరీ వేయించారు నాకు.

నాయన, నేను ఇంటికి నడిచి వస్తున్నాం. బాగుందంటాడేమో అని భయపడుతున్నాను, బాగాలేదన్నా ఫరవాలేదు. సగం దారిలో ఆయన ఆగి, "అమ్మణ్ణీ, ఇంతకీ వాడికి ఇల్లు దొరుకుతాదా, లేదా?" అన్నాడు.

"అది తేలాలంటే ఇంకో సీజను పడతాది నాయనా."

"సరే, ఆఫీసుకు వేరే మనిషిని సూసుకోమని చెప్తాలే" అని నాలుగడుగులు వేసి, మళ్లీ ఆగి, "ఆ బల్లికి మాత్రం ఏమీ కాకూడదు సూడు. మీ అమ్మ గొంతు అది" అన్నాడు.

ఘటోదరానికి ఇల్లు దొరికే ఎపిసోడ్ నాటికి జిలానీ సాబ్ లేరు. దాన్ని బీబమ్మకు చూపించి, కథ చెప్పమన్నాను; ఆమె చెబుతూ చెబుతూ ఆయన కుర్చీ వైపు తిరిగి మరీ చెప్పింది. నా సిరీసు ఆయనకు నచ్చిందో లేదో నాకు ఈ రోజుకూ తెలియదు. ఆయన చెప్పలేదు, నేను మళ్లీ అడగలేదు. కానీ ఆ రోజు హాల్లో చూసినది ఒకటి ఉంది. రెండో బంతికి రమ్మని కేకేసినప్పుడు ఆయన జనం వైపు చూడడం లేదు. అందరూ తెరను చూస్తున్నారు, నేను అందర్నీ చూస్తున్నాను, ఆయన గుమ్మం దగ్గర నిలబడి నన్ను చూస్తున్నారు. ఇప్పుడు తిరుపతిలో మాకొక చిన్న గది ఉంది, నాతో పాటు బొమ్మలు గీసేవాళ్లు కొందరు ఉన్నారు. వాళ్లలో ఎవరిదైనా మొదటి ఎపిసోడ్ జనం ముందు ఆడేటప్పుడు, నేను తెర వైపూ తిరగను, జనం వైపూ తిరగను. గీసిన మనిషి కనిపించే చోటు వెతుక్కుని నిలబడతాను.